ఉత్తరానికొక మాట

మంగళవారం పొద్దున బడి బస్సు కోసం మెట్లు దిగుతుంటే కింద ఇస్త్రీ కొట్టు షట్టరు వేసి ఉంది. కువైట్‌లోని ఈ ఫహాహీల్‌లో మేం ఆ మేడ మీదికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ వేళకి షట్టరు వేసి ఉండడం నేనెప్పుడూ చూడలేదు. రోజూ తడి నూలుబట్ట మీద ఇస్త్రీ పెట్టిన వాసన మెట్ల దాకా వచ్చేది. ఆ రోజు రాలేదు. ఎందుకా అనుకుంటూనే బస్సెక్కాను, లెక్కల పరీక్ష రాశాను, తిరిగొచ్చాను. నాన్న పనిలోంచి ముందే వచ్చేసి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"బాబాయి పోయారమ్మా. నిన్న సాయంత్రం ఇస్త్రీ బల్ల దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డారట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది" అన్నారు. ఆ తర్వాత వంగి చెప్పులు విప్పుకున్నారు.

నెల దాటింది. ఇక్కడి మన తెలుగు సంఘం పత్రికకి బాబాయి గురించి రాసిమ్మని పెద్దవాళ్ళు అడిగారు. పదో తరగతి చదివే నేను ఒక పెద్దాయన గురించి ఏం రాయగలనని అన్నాను. "ఆయన మాటలన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా, నువ్వే రాయాలి" అన్నారు. మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఇంతకుముందు కొత్త మాట విన్నానంటే మెట్లు రెండేసి చొప్పున దిగేదాన్ని. ఇప్పుడు ఏ మాట విన్నా ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకుంటున్నాను.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆయన తెలుసు. మీ ఊళ్ళకి వెళ్ళిన ఉత్తరాల్లో సగం ఆయన చేతిరాతే. నాకు ఆయన రక్త సంబంధమేం కాదు. కోనసీమ లంకల్లోంచి డెబ్బయ్యో దశకం చివర్లో వచ్చి, ఈ కొట్టులో ఇస్త్రీ పనికి కుదిరారు. మాదీ ఆ చుట్టుపక్కలే అని తెలిశాక నాన్నని "అన్నయ్యగారూ" అనడం మొదలుపెట్టారు. అలా నాకు బాబాయి అయ్యారు.

శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉండేది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తెరిచేవారు. ఆ మధ్యలో రెండు మూడు గంటలు బాబాయి ఇస్త్రీ బల్ల మీద దుప్పటి సర్ది, దాని మీద నీలం రంగు ఎయిర్‌మెయిలు కాగితాలు పెట్టుకుని కూర్చునేవారు. చదువు రానివాళ్ళు, వచ్చినా రాయడం అలవాటు తప్పినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెప్తుంటే రాసిపెట్టేవారు. డబ్బులిస్తే తీసుకునేవారు కాదు. దానికి బదులు ఒక మాట ఇమ్మనేవారు. ఆయన అంతకుముందు వినని మాట, వాళ్ళ ఊళ్ళో వాళ్ళమ్మో వాళ్ళ నాయనమ్మో అనే మాట. ఉత్తరానికొక మాట, అదీ ఆయన రేటు.

ఆ మాటని ఆయన కాగితం మీద రాసేవారు కాదు. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి చాకలికొట్ల వాళ్ళు వాడే సిరా ఒకటుంటుంది, ఎన్నిసార్లు ఉతికినా పోదు. పాత దుప్పటిని వేలెడు పేలికలుగా కత్తిరించుకుని, ఆ సిరాతో ఒకవైపు మాట, రెండోవైపు ఇచ్చినవాళ్ళ ఊరు రాసేవారు. ఆ పేలికని కొట్టు వెనక కట్టిన తాడుకి పిన్నీసుతో గుచ్చేవారు. ఇస్త్రీ ఆవిరి తగిలినప్పుడల్లా అవన్నీ కదిలేవి.

నేను మొదటిసారి ఆ తాడు చూసింది ఏడో తరగతిలో. బడిలో మాకు తెలుగు లేదు. అమ్మ నేర్పిన అక్షరాలే. కూడబలుక్కుని ఒక పేలిక చదివితే, "చదవడమే కాదు అమ్మలూ, అది ఎవరన్నారో కనుక్కో" అన్నారు. ఆ రోజు నుంచి నా నోటుపుస్తకంలో కూడా ప్రతి మాట పక్కనా ఊరి పేరు ఉంటుంది.

పుస్తకంలో దొరికిన మాటని ఆయన తీసుకునేవారు కాదు. నేను నిఘంటువులోంచి ఏరుకొచ్చిన మాటలు చూపిస్తే నవ్వేవారు. "ఇవి బానే ఉన్నాయి. కానీ ఇంకా ఎవరూ తొడుక్కోని చొక్కాల్లా ఉన్నాయమ్మా. చెమట అంటిన మాట ఒకటి తీసుకురా" అనేవారు. ఇంకో నియమం, కొత్త మాట దొరికితే ఆ వారంలోగా ఇంకొకరికి చెప్పెయ్యాలి. "నీ దగ్గరే దాచుకున్నావనుకో, నీకూ మిగలదు" అనేవారు.

కొన్నాళ్ళకి నాకో సంగతి తెలిసింది. తాడు మీద మాటల్లో చాలావాటికి అర్థం ఒకటే. అలసట. నీరసం, బడలిక, నిస్త్రాణ, వేసట, సొలుపు, బేజారు. అరబ్బుల దగ్గర పనిచేసేవాళ్ళిచ్చిన "తాబాన్" కూడా ఉంది. ఇన్ని మాటల్లో ఇవే ఎందుకు ఎక్కువున్నాయో నాకు అర్థం కాలేదు. రాయచోటి అక్క వచ్చిన రోజు అర్థమైంది.

ఆవిడ మా వీధి చివర కువైటీ ఇంట్లో పనిమనిషి, ఆ ఇంటావిడని మామా అనేది. ఆ ఇంటి మగవాళ్ళ దిష్దాషాలు, ఆ పొడుగు తెల్ల అంగీలు, ఇస్త్రీకి వేసి, అయినవి పట్టుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఉత్తరం రాయించుకునేది. ఆ శుక్రవారం నేను బల్లకి ఇవతల స్టూలు మీద కూర్చుని ఉన్నాను. బాబాయి అలవాటు ప్రకారం మొదటి వరస రాసేశారు: ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

"ఏం రాసినావన్నా?" అంది అక్క.

చదివి వినిపించారు.

"ఆ మాట కొట్టెయ్యి. నేను క్షేమంగా లేను. నాకు యాష్టగా ఉండాది. పొద్దన లేస్తే మామా కేకలు, పిల్లోళ్ళ కేకలు, పదిమంది గుడ్డలు. చేతులు ఉండాయో లేవో తెలీడంల్యా. యాష్టగా ఉండాదని రాయి."

బాబాయి కలం పక్కన పెట్టారు. "అలా రాస్తే ఏమవుద్దో చెప్పనా? మీ అమ్మ ఆ కాగితం ఎవరిచేతో చదివించుకుంటాది. ఆ రోజు కూడు తినదు. నెల్లాళ్ళూ అదే తలుచుకుంటాది. నువ్వేమో వచ్చే శుక్రవారానికి కాస్త తేరుకుంటావ్. ఆవిడకి ఆ సంగతి తెలీదు కదా, మళ్ళీ ఉత్తరం వెళ్ళేదాకా?"

"మరి నేనేం జేసేది? ఎవురికి జెప్పుకునేది?"

"నాకు చెప్పు. ఇంటికి క్షేమం పంపిద్దాం. ఆ యాష్ట ఇక్కడ పెట్టు." ఆయన పేలిక తీశారు. "యాష్ట అంటే ఒట్టి అలుపేనా?"

అక్క ఆలోచించింది. "కాదన్నా. అలుపైతే పొణుకుంటే పోతాది. ఇది పొణుకున్యా పోదు."

ఆయన ఆ మాట రెండుసార్లు మెల్లిగా అనుకుని, సిరాలో కలం ముంచి రాశారు. పిన్నీసుతో తాడుకి గుచ్చారు. అక్క దాన్ని కాసేపు చూసింది. "నా మాటకి తాడు దొరికింది. నాకెప్పుడు దొరుకుతాదో పొణుకునేదానికి తావు" అని నవ్వింది. దిష్దాషాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఉత్తరంలో రాయకూడని మాటలన్నీ ఆ తాడు మీదున్నాయని అప్పుడు తెలిసింది. మీరంతా ఇంటికి క్షేమం పంపి, మిగిలింది ఆయన దగ్గర వదిలి వెళ్ళారు.

అందరూ అలా బరువుగానే ఇచ్చేవారని కాదు. అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పనిచేసే రాజోలు అన్న ఒకడున్నాడు. రెండు బస్సులు మారి వచ్చేవాడు. ఒకసారి మాటేదీ తోచక, "గుబ్బిడి అని రాసుకోండి" అన్నాడు.

"అంటే ఏంటోయ్?"

"అదేనండి, మావైపు... ఎండగా ఉంటే అంటాం."

"మీవైపా? మీ ఊరికీ మా లంకకీ మధ్య ఒక్క పాయ అడ్డం. ఇది నోట్లో పుట్టిన మాటా, బస్సులో పుట్టిన మాటా?"

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అన్న తల గోక్కున్నాడు. "ఆయ్, బస్సులోనేనండి. ఏం చేయమంటారు బాబూ, పొద్దున్నుంచీ ఎర్రటెండలో ఇనప ముక్కలు మోసీ మోసీ డస్సిపోయొచ్చాను. మళ్ళీ మాటలెక్కణ్ణించి తెమ్మంటారు?"

"ఇదిగో, తెచ్చావు కదా" అని బాబాయి అప్పటికే పేలిక మీద "డస్సిపోవడం" అని రాసేస్తున్నారు.

ఆయన గురించి ఇంకొకటి చెప్పాలి. ఉత్తరాలవాళ్ళు వచ్చేలోపు, కొట్టు వెనక చెక్కబల్ల మీద, కళ్ళ మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుని పడుకునేవారు. ఊపిరి గట్టిగా తీస్తుంటే గాఢంగా నిద్రపోతున్నారనుకునేదాన్ని. చెప్పులు చేత్తో పట్టుకుని ఎంత మెత్తగా అడుగేసినా, చెయ్యి తియ్యకుండానే, "రా అమ్మలూ, ఏం మాట తెచ్చావ్?" అనేవారు. ఒకసారి అడిగాను, "నిద్రపోతున్నారా, లేదా?" అని. "రెండూనూ" అన్నారు.

తాడు మీద ప్రతి పేలికా తిప్పి చూశాను. వెనకవైపు ఆయన ఊరు ఉన్నది ఒక్కటీ లేదు. "మీ మాట ఏది బాబాయ్?" అన్నాను.

"నాకేం అలుపమ్మా, నీడపట్టున ఉండే పని" అన్నారు. ఎదురుగా ఇస్త్రీ పెట్టె పొగలు కక్కుతోంది. ఆయన బనీను వీపుకి అంటుకుపోయి ఉంది. ఇంకో చొక్కా బల్ల మీద పరుచుకుంటూ, "వెతుకుతున్నాను, దొరకలేదు" అన్నారు.

ఊళ్ళో ఉన్న పిన్నికి, అంటే తన భార్యకి, ఆయన పదిహేను రోజులకొక ఉత్తరం రాసేవారు. దాని మొదటి వరస కూడా అదే. నేను చాలాసార్లు చూశాను. అందులో కబుర్లుండేవి, ఎవరు ఏ మాట ఇచ్చారో ఉండేది. ఆయన కాళ్ళ వాపు గురించి, చెయ్యి కాలినప్పటి బొబ్బ గురించి ఉండేది కాదు.

ఆయన పోయాక నాన్నా, కొట్టు యజమానీ, ఆయనకి వీసా ఇచ్చిన కఫీల్ సంతకాల కోసం తిరిగారు. తంతి నాన్నే ఇచ్చారు. గురువారం పిన్ని తమ్ముడు నాన్న పనిచేసే చోటికి ట్రంక్ కాల్ చేశాడు. పిన్ని ముద్ద ముట్టడం లేదట. ఒకటే అడుగుతోందట: ఆయన అక్కడ ఎలా ఉండేవారు, కష్టపడ్డారా, నా దగ్గర ఏమైనా దాచారా. శవపేటిక శనివారం విమానంలో వెళ్తుంది. దాంతో పాటు ఆయన పెట్టె. ఆ పెట్టెలో పెట్టడానికి ఒక ఉత్తరం రాయమని నాన్న నాతో అన్నారు.

"నేనా?"

"మాకు రాయగలిగినాయన ఆయనే కదమ్మా. ఇంక నువ్వే ఉన్నావు" అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం యజమానిని అడిగి షట్టరు సగం ఎత్తించుకుని, నాన్నా నేనూ కొట్టులోకి వెళ్ళాం. బల్ల మీద దుప్పటి అలాగే ఉంది. చివరి నీలం కాగితం ఒక్కటే మిగిలి ఉంది. నేను ఆయన స్టూలు మీద కూర్చున్నాను. చెయ్యి దానంతటదే కదిలింది. చూసుకునేసరికి రాసేశాను: ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.

భర్త పోయినావిడకి రాసిన మొదటి వరస అది. నాన్న చదివారు. నాకు ఏడుపు రాలేదు, తల బల్లకి ఆనించాను. ఇంకో నీలం కాగితం లేదు. శుక్రవారం కొట్లన్నీ మూసేసి ఉన్నాయి.

అప్పుడే షట్టరు కిందనుంచి వంగి రాయచోటి అక్క లోపలికొచ్చింది. చేతిలో దిష్దాషాల మూట. వెనకే రాజోలు అన్న, ఇంకో నలుగురు. వాళ్ళెవరికీ తెలియదు. మామూలుగా ఉత్తరాలకి వచ్చారు.

"ఏమమ్మే, నువ్వు కూచున్నావు? అన్న యాడికి పాయ?" అంది అక్క.

నాన్న చెప్పారు, పిన్ని ఏమడుగుతోందో కూడా. అక్క మూట నేల మీద పెట్టి, దాని మీదే కూర్చుండిపోయింది. రాజోలు అన్న గోడకి ఆనుకున్నాడు. "పోయినారమే కదండీ, నేను దగ్గుతుంటే ఆ సంగతి ఇంటికి రాయనా అని నన్ను ఆటపట్టించారు" అన్నాడు. తర్వాత అక్క నా ముందున్న కాగితం చూపించి ఏం రాశావని అడిగింది. చదివాను.

"అన్న ఎవురికైనా ముందు అదే రాసేటోడు. నీ చెయ్యికి అదే అలవాటైంది. దాంట్లో తప్పేముండాది?" అంది అక్క. "గానీ పాపా, ఆయమ్మ అడుగుతాండాది గదా, దాచినాడా అని. ఇప్పుడుగూడా క్షేమం అని ఊరుకుంటే ఎట్ల?"

"మరి కష్టపడ్డారని రాస్తే ఆవిడ తట్టుకుంటుందా?" అన్నారు నాన్న.

"ఇంతకన్నా తట్టుకునేది ఇంకేముంది సామీ?"

నాన్న కాగితం నా వైపు జరిపారు. "రాయమ్మా" అన్నారు.

ఆ మొదటి వరస కొట్టెయ్యలేదు. దాని కింద ఇలా రాశాను: పిన్నీ, ఈ వరస నేను అలవాటుగా రాసేశాను. బాబాయి మా అందరి ఉత్తరాల్లోనూ ఇదే రాసేవారు. ఇది ఎప్పుడూ పూర్తి నిజం కాదు. మిగతా నిజం ఇక్కడున్నవాళ్ళు చెప్తున్నారు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. ఇస్త్రీ బల్ల దగ్గర పన్నెండు గంటలు నిలబడేవారని, సాయంత్రానికి కాళ్ళు వాచేవని రాజోలు అన్న చెప్పాడు. మా యాష్టలన్నీ ఆయన మోసినాడు, ఆయనది ఎవురికీ ఇయ్యలేదు అని అక్క చెప్పింది. నాన్న, ఎప్పుడడిగినా బానే ఉందన్నయ్యగారూ అనేవాడు, నేను నమ్మేశాను అన్నారు. ఎవరు ఎలా అన్నారో అలాగే, వాళ్ళ యాసలోనే రాశాను. కాగితం నిండిపోతే అంచుల మీద రాశాను. చివర్లో అందరూ అలవాటుగా ఒక్కొక్క మాట ఇచ్చారు. పేలికలు అయిపోయాయి, అందుకని అవీ కాగితం మీదే.

సాయంత్రం తాడు మీది పేలికలన్నీ విప్పి నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, ఒక దిండు గలీబులో వేసి, పెట్టెలో ఉత్తరం కింద పెట్టాం. అవి పిన్నివి. తాడు ఖాళీ అయిపోయింది.

శనివారం ఆయన వెళ్ళిపోయారు. నేను బడికి వెళ్ళాను. ఆ తర్వాత రోజులన్నీ ఒకేలా గడిచాయి. పిన్నికి అంత నిజం ఒక్కసారి పంపి తప్పు చేశానేమోనని అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అనిపించేది. అమ్మని అడిగితే, "తెలీదే" అనేది.

పోయినవారం ఊరి నుంచి తిరిగొచ్చిన ఒకాయన చేత పిన్ని జవాబు పంపింది. ఎవరో బడిపంతులు రాసిపెట్టినట్టున్నారు, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మొదటి వరస చూసి నాన్న కాగితం నాకిచ్చేశారు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

ఆ కింద ఉంది. "అమ్మాయ్, నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. ఏడ్చాను. ఆ రోజే అన్నం తిన్నాను. ఆయన దాచారని నాకు ముందే తెలుసు. ఎంత దాచారో తెలియక భయమేసేది. పేలికలన్నీ ఇంట్లో తాడు మీద కట్టాను, మా చిన్నాడు చదువుతున్నాడు. ఉత్తరానికొక మాట ఇవ్వాలని ఆయన రాసేవారు కదా. నా మాట ఇది. ఇక్కడ చేలోంచి వచ్చి అరుగు మీద కళ్ళకి చెయ్యడ్డం పెట్టుకుని పడుకునేవారు. నిద్రపోయారనుకుని నేను అడుగు తీసి అడుగేస్తే, ఏంటే అనేవారు. దాన్ని మేం మాగన్ను అంటాం. మీ మాటల్లో అది లేదు. రాసుకో."

కొట్టులో ఇప్పుడు ఇస్త్రీ పనికి కొత్త మనిషి వచ్చాడు. మనవాడు కాదు, బీహారు నుంచి. నేను వెళ్ళి హిందీలో అడిగితే పాత దుప్పటి చివర కాస్త కత్తిరించి ఇచ్చాడు, సిరా బుడ్డి కూడా చూపించాడు. ఒకవైపు "మాగన్ను" అని రాశాను. రెండోవైపు బాబాయి లంక పేరు రాశాను.

తాడు ఇంకా అక్కడే ఉంది. కొత్తాయన ఇస్త్రీ పెట్టె ఎత్తినప్పుడల్లా ఆవిరి వెనక్కి వస్తుంది. అంత పొడుగు తాడు మీదా ఆ ఒక్క పేలికే కదులుతోంది.